నైరోబీలో ఆర్ట్ గ్యాలరీలు, సాహిత్య ఉత్సవాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

రమ్య_లావింగ్టన్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం మూలంగా ఈమధ్యే విజయవాడ నుంచి నైరోబీ వచ్చాం. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కరివేపాకు ఎక్కడ దొరుకుతుందని అడిగితే నిమిషంలో జవాబులు వచ్చిపడతాయి. బొమ్మల ప్రదర్శనల గురించి, పుస్తకాల పండగల గురించి అడిగితే మాత్రం ఒక్కరూ పలకలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గీస్తూనే ఉంటుంది. నాకు కథలు, నవలల పిచ్చి. విజయవాడలో ఉన్నన్నాళ్లూ పుస్తక మహోత్సవం ఒక్క ఏడాది కూడా వదల్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడను అడిగితే "అవన్నీ ఎంబసీల వాళ్లకి, తెల్లవాళ్లకి. మనకి మాల్, నేషనల్ పార్క్ చాలు" అన్నారు. నిజంగా అంతేనా? ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

భాస్కర్_పార్క్‌ల్యాండ్స్ | శుక్రవారం, రాత్రి 10:05

రమ్య గారూ, స్వాగతం. ఆ మాట పట్టించుకోకండి. ఈ ఊళ్లో చాలా గ్యాలరీలకు టికెట్టే ఉండదు. తలుపు తోసుకుని వెళ్లి చూసి రావడమే.

మొదలుపెట్టడానికి నేనైతే గ్యాలరీ పేరు చెప్పను, సిటీ సెంటర్‌లో మోయి అవెన్యూ మీదున్న నేషనల్ ఆర్కైవ్స్ చెబుతాను. స్తంభాలున్న ఆ పాత భవనం ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇండియా. కింది అంతస్తు మొత్తం మురుంబి గ్యాలరీ. జోసెఫ్ మురుంబి కెన్యాకు రెండో ఉపాధ్యక్షుడు. తండ్రి గోవా వ్యాపారి, తల్లి మసాయి. చదువు మన దక్షిణాదిలో, బెంగళూరులో. 1966లో పదవి వదిలేశాక జీవితమంతా ఆఫ్రికా కళాఖండాలు, పుస్తకాలు, తపాలా బిళ్లలు సేకరించడానికే పెట్టారు. బయటి దేశాల వాళ్లు పెద్ద మొత్తాలు ఇస్తామన్నా సేకరణ కెన్యాలోనే ఉండాలని ప్రభుత్వానికే అమ్మారు. ముసుగులు, ఆయుధాలు, పీటలు, నేత బట్టలు, పెయింటింగులు అన్నీ ఒకే హాల్లో ఉంటాయి. బయట బస్సుల హారన్లు, లోపల అవి. మీ అమ్మాయికి అక్కడే సగం రోజు గడిచిపోతుంది.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో కెన్యాట్టా అవెన్యూ మీద నైరోబీ గ్యాలరీ ఉంది. 1913 నాటి ప్రభుత్వ కార్యాలయం, జనన మరణాలు, పెళ్లిళ్లు నమోదు చేసిన చోటు. మురుంబి సేకరణలో ఇంకొంత అక్కడ పెట్టారు. దగ్గర్లోనే గోథె ఇన్‌స్టిట్యూట్, అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి. రెండుచోట్లా ప్రదర్శనలు మారుతూ ఉంటాయి, ప్రవేశం ఉచితం.

శనివారం ఉదయం పెట్టుకోండి. ఫోన్ మాత్రం చేతిలో పట్టుకుని నడవొద్దు.

కుంచె | శుక్రవారం, రాత్రి 11:31

హైదరాబాద్ నుంచి. ఫైన్ ఆర్ట్స్ చదివాను, ఆ మధ్య కొన్నాళ్లు నైరోబీలో ఉండి బొమ్మలు వేశాను. భాస్కర్ గారు పాతవాటితో మొదలుపెట్టారు కాబట్టి నేను ఇప్పటివాటి గురించి రాస్తాను.

రాస్లిన్ రివియెరా మాల్‌లో నైరోబీ కాంటెంపరరీ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అందరూ ఎన్‌కాయ్ అంటారు. మైకేల్ ఆర్మిటేజ్ పెట్టిన సంస్థ, లాభాపేక్ష లేనిది. ఆయన నైరోబీలో పుట్టాడు, లండన్‌లో చదివాడు, బొమ్మలు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. 2019లో న్యూయార్క్ వేలంలో ఆయన పెయింటింగ్ ఒకటి 15 లక్షల డాలర్లకు పోయింది. అంత పేరొచ్చాక చాలామంది ఊరు మర్చిపోతారు. ఆయన సొంత ఊళ్లో తనకంటే ముందుతరం వాళ్ల బొమ్మలు చూపించడానికి ఒక చోటు కట్టాడు.

2022 జనవరిలో అక్కడ మొదటి ప్రదర్శన సానె వాడూది. ఈయన కథ తెలుసుకుని వెళ్లండి. అసలు పేరు వాల్టర్ ఎన్‌జుగునా ఎంబుగువా, బడిపంతులు. ఉద్యోగం మానేసి బొమ్మలు వేస్తాననేసరికి ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నారు. తన బట్టల మీద తనే బొమ్మలు వేసుకుని తిరిగేవాడట. వాళ్లు పిచ్చివాడన్నారని పేరే 'సానె' అని మార్చుకున్నాడు, బుద్ధి స్థిరంగా ఉన్నవాడని. ఆయన, భార్య యూనిస్ వాడూ, వాన్యు బ్రష్ లాంటివాళ్లు కలిసి 1995లో ఎన్‌గెచా అనే ఊళ్లో కళాకారుల సంఘం పెట్టుకున్నారు. చుట్టూ చూసిందే వేసేవాళ్లు: పొలాలు, బస్సులు, చర్చి, పశువులు, గొడవలు. ఆ రంగులు ముద్దలు ముద్దలుగా ఉంటాయి, దగ్గరికి వెళ్తే కుంచె ఎటు తిరిగిందో కనిపిస్తుంది.

ఆర్మిటేజ్ సొంత బొమ్మ ఎక్కడైనా తారసపడితే ముందు బట్ట చూడండి, తర్వాత బొమ్మ. కాన్వాస్ వాడడు, లుబుగో వాడతాడు. ఉగాండాలో ముతుబా అనే చెట్టు బెరడును ఒలిచి, గాడులు చెక్కిన కొయ్య సుత్తులతో గంటల తరబడి కొట్టి కొట్టి పలచగా సాగదీస్తారు. గోధుమ రంగు, కొంచెం ఎరుపు. ఒలిచిన చోట చెట్టుకు అరటాకులు చుడతారు, బెరడు మళ్లీ వస్తుంది. ఉగాండాలోని బుగాండా రాజ్యంలో శవాలను చుట్టేది ఆ బట్టలోనే. దానికి సహజంగా చిల్లులుంటాయి, చిరిగిన చోట కుట్టు ఉంటుంది. ఆర్మిటేజ్ వాటిని కప్పిపుచ్చడు. ఒక మనిషి మొహం మధ్యలోంచి కుట్టు వెళ్తుంది. ఒకచోట చిల్లు ఉంటే దాని చుట్టూ బొమ్మ తిరుగుతుంది. ఫోటోలో ఇది ఏమాత్రం తెలియదు.

నిక్కచ్చి | శనివారం, ఉదయం 7:48

కుంచె గారు చెప్పింది బాగుంది. కానీ రమ్య గారి పక్కింటావిడ మాటలో కూడా నిజం ఉంది, దాన్ని దాటేయకండి.

నేను పదేళ్లకు పైగా ఇక్కడ ఉన్నాను. రాస్లిన్ మాల్‌కి ఊరి తూర్పున కార్మికులుండే ఈస్ట్‌ల్యాండ్స్ నుంచి ఒక కాలేజీ కుర్రాడు రావాలంటే రెండు మటాటూలు (ఇక్కడి ప్రైవేటు మినీబస్సులు) మారాలి, రానూపోనూ ఖర్చు అతని ఒకరోజు తిండి ఖర్చు. ఒకసారి మా ఆఫీసులో పనిచేసే స్థానిక కుర్రాణ్ని ఒక గ్యాలరీకి తీసుకెళ్లాను. గేటు దగ్గర నన్ను ఏమీ అడగలేదు, అతణ్ని మాత్రం ఎవరిని కలవాలి, ఎందుకొచ్చావు అని నిలబెట్టారు. అతను ఆ తర్వాత మళ్లీ ఎక్కడికీ రానన్నాడు.

డబ్బు సంగతి చూడండి. ఇక్కడి కళాసంస్థల్లో చాలావాటిని ఏళ్ల తరబడి నిలబెట్టింది ఫోర్డ్ ఫౌండేషన్ లాంటి విదేశీ నిధులు, ఎంబసీల కల్చరల్ సెంటర్లు. నిధులు ఆగితే సంస్థ ఆగిపోతుంది. ప్రభుత్వం సంగతి అడక్కండి. 2013లో వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో కెన్యా పేరుతో పెట్టిన పెవిలియన్‌లో ఎక్కువమంది చైనా వాళ్లే. 2015లో మళ్లీ అదే పని. ఇక్కడి కళాకారులు గొడవచేస్తే అప్పుడు మంత్రి, మాకు సంబంధం లేదన్నాడు. దేశం పేరు అద్దెకిచ్చినట్టయింది.

పుస్తకాల మీద 2013 నుంచి 16 శాతం వ్యాట్. ఒక కొత్త నవల కొనాలంటే మామూలు జీతగాడు ఆలోచించాలి. ఇలాంటి చోట సాహిత్య ఉత్సవం పెడితే వచ్చేది ఎవరు?

శారద_పుస్తకం | శనివారం, ఉదయం 10:20

నిక్కచ్చి గారూ, మీరడిగిన చివరి ప్రశ్నకు ఈ ఊళ్లోనే ఒక జవాబు ఉంది. వివరంగా రాస్తాను.

బాండా స్ట్రీట్‌లో జామియా మసీదు పక్కన మెక్‌మిలన్ లైబ్రరీ ఉంది. తెల్లటి స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. 1931లో తెరిచారు. 1958 దాకా తెల్లవాళ్లకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. నగరానికి నడిబొడ్డున, నగరంలో ఎక్కువమంది అడుగుపెట్టలేని లైబ్రరీ! ఆ తర్వాత అందరికీ తెరిచారు గానీ పట్టించుకున్నవాళ్లు లేరు. పుస్తకాలు దుమ్ముకొట్టుకుపోయాయి.

2017లో వాంజీరు కోయినాంగే అనే రచయిత్రి, ప్రచురణ రంగంలో పనిచేసిన ఏంజెలా వచూకా కలిసి బుక్ బంక్ అనే ట్రస్టు పెట్టారు. నైరోబీ కౌంటీతో ఒప్పందం చేసుకుని ఈ లైబ్రరీని, దాని రెండు శాఖలను బాగుచేసే పని ఎత్తుకున్నారు. ఆ శాఖలు కలొలెనీలో, మకదారాలో. రెండూ ఈస్ట్‌ల్యాండ్స్. ముందు పెద్ద భవనం బాగుచేసి పేరు తెచ్చుకోవచ్చు కదా? వాళ్లు అలా చేయలేదు. ముందు చిన్న శాఖలు పూర్తిచేశారు. ఆ చుట్టుపక్కల జనాన్ని కూర్చోబెట్టి మీకు లైబ్రరీలో ఏం కావాలని అడిగి మరీ చేశారు.

కలొలెనీ 1940లలో ఆఫ్రికన్ కార్మికుల కోసం కట్టిన కాలనీ. అక్కడి లైబ్రరీ చిన్నదే. సాయంత్రం బడి వదిలాక వెళ్లండి, కుర్చీ దొరకదు. యూనిఫాంలో పిల్లలు, కొందరు హోంవర్క్ చేసుకుంటూ, కొందరు నేలమీద చాపమీద పడుకుని బొమ్మల పుస్తకాలు చూస్తూ. కొన్నాళ్లు నేను అక్కడ పిల్లలకు కథలు చదివాను, కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

బుక్ బంక్ వాళ్లు నిర్వహించే ఎన్‌బీఓ లిట్‌ఫెస్ట్ అనే సాహిత్య ఉత్సవం ఈ లైబ్రరీల్లోనే జరుగుతుంది. హోటల్ హాల్లో కాదు. రచయితలే ఈస్ట్‌ల్యాండ్స్‌కి వస్తారు. నేను చూసినంతలో మకదారా సెషన్లకి వచ్చేది ఎక్కువగా ఆ వీధుల పిల్లలు, వాళ్ల అమ్మలు. గేటు దగ్గర ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు.

రమ్య గారూ, మీ అమ్మాయిని తప్పకుండా తీసుకెళ్లండి.

పాతపుస్తకాలు | శనివారం, మధ్యాహ్నం 2:15

వరంగల్ నుంచి రాస్తున్నాను. నేను నైరోబీ చూడలేదు. కానీ ఆ ఊరి చుట్టుపక్కల పుట్టిన సాహిత్యం మా ఇంట్లో తెలుగులో ఉంది, అందుకే ఈ చర్చలోకి వచ్చాను.

గూగీ వా థియాంగోది నైరోబీకి దగ్గర్లోని లిమూరు ప్రాంతం. 1977లో కమిరీథు అనే పల్లెలో రైతులు, కూలీలతో కలిసి గికుయు భాషలో నాటకం వేయిస్తే ప్రభుత్వం ఆపేసింది. ఆ ఏడాది చివర్లో ఆయన్ను విచారణ లేకుండా కామిటి అనే జైల్లో పెట్టింది. జైల్లో టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశారు. ఆ నవలను ఇక్కడ వరవరరావు తాను జైల్లో ఉండగా 'మట్టికాళ్ళ మహారాక్షసి'గా తెలుగు చేశారు. గూగీ జైలు డైరీని 'బందీ' పేరుతో. ఒక జైల్లో రాసిన పుస్తకం ఇంకో దేశపు జైల్లో మన భాషలోకి వచ్చింది. ఆయన బాల్య జ్ఞాపకాల పుస్తకాన్ని జి.ఎన్. సాయిబాబా తెలుగులోకి తెచ్చారు. 2018లో గూగీ హైదరాబాద్ కూడా వచ్చారు. సాయిబాబా 2024 అక్టోబర్‌లో పోయారు, గూగీ 2025 మేలో.

అందుకే అడుగుతున్నాను. ఆయన ఇంగ్లిష్ వదిలి గికుయులో రాస్తానని నిలబడ్డ ఊళ్లో ఈరోజు సాహిత్య ఉత్సవాలు ఏ భాషలో జరుగుతున్నాయి?

శారద_పుస్తకం | శనివారం, సాయంత్రం 5:02

ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. స్వాహిలీ సెషన్లు ఉంటాయి, పెరుగుతున్నాయి కూడా. కుర్రకారు కవిత్వం చదివే సాయంత్రాల్లో షెంగ్ బాగా వినిపిస్తుంది. అది స్వాహిలీ, ఇంగ్లిష్, స్థానిక భాషలు కలిసిపోయిన వీధి భాష, ఈస్ట్‌ల్యాండ్స్‌లో పుట్టింది. గికుయు, లువో, కాంబా భాషల్లో రాసేవాళ్లకు పెద్ద వేదికలు దొరకడం ఇంకా కష్టమే.

కానీ ఈ విషయంలో నైరోబీ కుర్రవాళ్లు ఒక మంచి పని చేశారు. జలాడా అనే రచయితల బృందం 2016లో గూగీ గికుయులో రాసిన ఒక చిన్న కథను తీసుకుని ముప్పైకి పైగా భాషల్లోకి ఒకేసారి అనువదింపజేసింది. తర్వాత ఆ లెక్క వంద దాటింది. ఇంగ్లిష్ అనువాదం కూడా వాటిలో ఒకటి, అంతే. పెద్ద భాష, చిన్న భాష అని తేడా లేకుండా అన్నీ ఒకే వరసలో పెట్టారు.

స్వాహిలీ రచనలకు 2014లో ఒక అంతర్జాతీయ బహుమతి మొదలైంది. మొదట్లో దానికి డబ్బిచ్చింది మబాటీ రోలింగ్ మిల్స్, రేకులు తయారుచేసే ఇక్కడి కంపెనీ. నిక్కచ్చి గారూ, అన్నీ విదేశీ నిధులే కాదని చెప్పడానికి ఇది ఒక ఉదాహరణ.

నిక్కచ్చి | శనివారం, రాత్రి 8:40

శారద గారూ, లైబ్రరీల సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు, మంచి విషయం చెప్పారు. బహుమతి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక లైబ్రరీ ట్రస్టు, ఒక రేకుల కంపెనీ కలిసి ఒక నగరాన్ని మోయలేవు. వ్యాట్ తీసేయడం, బడుల్లో డ్రాయింగ్ మాస్టర్లను పెట్టడం, మ్యూజియానికి కొత్త బొమ్మలు కొనడానికి డబ్బివ్వడం ఇవన్నీ ప్రభుత్వం పనులు. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు నడుం కట్టారని మనం చప్పట్లు కొట్టి ఊరుకుంటే ప్రభుత్వానికి ఇంకా సుఖం.

కుంచె | శనివారం, రాత్రి 10:55

ఈ మాటతో నేను నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. అయితే ఎవరూ ఇవ్వలేదని వీళ్లు ఆగలేదు, నాకు నైరోబీ మీద ప్రేమ కలిగింది అక్కడే.

వరసగా చూడండి. 1965లో ఎలిమో ఎన్‌జావు, కొందరు మిత్రులు కలిసి పా యా పా పెట్టారు. ఆఫ్రికన్లు నడిపిన గ్యాలరీల్లో ఈ ప్రాంతంలో అదే మొదటితరం. 1997లో నిప్పంటుకుని ఎన్నో బొమ్మలు కాలిపోయాయి. అయినా మూయలేదు. 1995లో కువోనా అనే కళాకారుల స్టూడియోల చోటు మొదలైంది. ఇప్పుడు కళాకారులే కలెక్టివ్‌గా నడుపుకుంటున్నారు. 2003లో ఇండస్ట్రియల్ ఏరియాలోని పాత గోడౌన్లలో గోడౌన్ ఆర్ట్స్ సెంటర్. బురుబురులో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని కుర్రాళ్లు బ్రష్ టు స్టూడియో పెట్టుకున్నారు.

ఇక వజుకూ. ముకూరు అనే మురికివాడలో, లుంగా లుంగా దగ్గర, అక్కడే పుట్టిపెరిగిన కుర్రాళ్లు పెట్టిన బృందం. 2022లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటాకు వీళ్లని పిలిచారు. అయిదేళ్లకోసారి జరిగే ఆ ప్రదర్శనకు ఆహ్వానం వస్తే చాలు అనుకునే కళాకారులు ప్రపంచమంతా ఉన్నారు. వీళ్లు అక్కడి పెద్ద గాజు హాలు ముందు తుప్పుపట్టిన రేకులతో సొరంగంలాంటి ద్వారం కట్టారు. అద్దాల భవనంలోకి వెళ్లాలంటే ముకూరు ఇళ్ల రేకుల కిందుగా, చీకట్లోంచి వెళ్లాలి. ఆ ఏడాది ఆర్నాల్డ్ బోడె బహుమతి వీళ్లకే వచ్చింది.

వీళ్లు ముకూరులోనే ఉండి పిల్లలకు బొమ్మలు నేర్పుతారు. ముందుగా రాసి, ఎప్పుడు రావచ్చో అడిగి వెళ్లండి. అది వాళ్లు బతికే చోటు, టూరిస్టుల్లా ఫోటోలు తీస్తూ తిరగడం బాగోదు.

డికెన్స్ ఒటియెనో పనులు కూడా చూడాలి. కూల్‌డ్రింక్, బీరు డబ్బాలను సన్నటి పట్టీలుగా కోసి, ఇనుప జాలీ మీద నేస్తాడు. దూరం నుంచి బట్ట తానులా వేలాడుతుంది. దగ్గరికి వెళ్తే పట్టీ మీద కంపెనీ అక్షరం ముక్క కనిపిస్తుంది. వాళ్లమ్మ దర్జీ. 2022లో వెనిస్‌లో కెన్యా పెవిలియన్‌కి వెళ్లినవాళ్లలో ఆయన ఒకడు. అప్పుడు మాత్రం వెళ్లింది కెన్యావాళ్లే.

కంపాలా_కిరణ్ | ఆదివారం, ఉదయం 9:30

కంపాలా నుంచి నమస్తే. లుబుగో మా దగ్గరిదే అని గుర్తుచేసినందుకు కుంచె అన్నకు థ్యాంక్స్. ఇక్కడ మకెరెరె యూనివర్సిటీ ఆర్ట్ స్కూల్ 1930ల్లో మొదలైంది. ఎలిమో ఎన్‌జావుతో సహా తూర్పు ఆఫ్రికా మొదటితరం చిత్రకారుల్లో చాలామంది ఇక్కడ చదివినవాళ్లే. 1962లో ఆఫ్రికన్ రచయితల పెద్ద సమావేశం కూడా మకెరెరెలోనే. గూగీ అప్పటికి విద్యార్థి. మన భారతీయ మూలాలున్న రజత్ నియోగీ 1961లో ట్రాన్సిషన్ పత్రిక పెట్టింది కూడా కంపాలాలోనే. సెలవులకు ఇటు వస్తే చెప్పండి.

రమ్య_లావింగ్టన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఇంత సమాచారం వస్తుందని ఊహించలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు ప్రశ్నలు. ఒకటి, సాహిత్య ఉత్సవాల్లో బుక్ బంక్ వాళ్లది కాకుండా ఇంకేం ఉన్నాయి? రెండు, నేషనల్ మ్యూజియంలో కూడా కొత్త ప్రదర్శనలు పెడతారా, లేక పుర్రెలు, పక్షులేనా?

భాస్కర్_పార్క్‌ల్యాండ్స్ | ఆదివారం, సాయంత్రం 4:45

ముందు ఉత్సవాలు. మకోండో లిటరరీ ఫెస్టివల్ ఉంది. రచయిత్రి ఇవోన్ అధియాంబో ఒవూర్, జర్మన్ జర్నలిస్టు అన్యా బెంగెల్‌స్టోర్ఫ్ కలిసి 2019లో మొదలుపెట్టారు. మొదటి ఏడాది పోర్చుగీసులో రాసే ఆఫ్రికన్ దేశాల రచయితలను పిలిచారు. అంగోలా, మొజాంబిక్ కూడా ఆఫ్రికా దేశాలే అయినా, భాష అడ్డుపడి కెన్యా పాఠకుడికి వాళ్ల పుస్తకాలు తెలియవు. ఆ అడ్డు తీయడమే వాళ్ల ఉద్దేశం. తర్వాత హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల మీద కూడా దృష్టి పెట్టారు. అంటే మన తీరం కూడా అందులోకి వస్తుంది. సెప్టెంబర్ ప్రాంతంలో సరిత్ సెంటర్‌లో పబ్లిషర్ల సంఘం బుక్ ఫెయిర్ జరుగుతుంది, అది మీ విజయవాడ పుస్తక మహోత్సవం అంత పెద్దది కాదు, బడి పుస్తకాలే ఎక్కువ. మన గుజరాతీ, పంజాబీ, గోవా వాళ్ల చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఆవాజ్ పత్రిక వెతకండి. వాళ్లు సమోసా పేరుతో దక్షిణాసియా కళల పండగ కూడా నడిపారు.

వీటన్నిటికీ ముందు క్వానీ ఉంది. రచయిత బిన్యవంగా వైనైనా 2002లో ఆఫ్రికన్ కథలకిచ్చే కేన్ ప్రైజ్ గెలిచి, మరుసటేడు మిత్రులతో కలిసి క్వానీ పత్రిక తెచ్చాడు. అందులో వచ్చిన కథకే 2003లో ఒవూర్‌కి కూడా అదే బహుమతి వచ్చింది. వాళ్ల లిట్‌ఫెస్ట్‌లు, ఓపెన్ మైక్ రాత్రులు నేను చూశాను. జనం మెట్లమీద కూర్చునేవాళ్లు. బిన్యవంగా 2019లో, 48 ఏళ్లకే పోయాడు. ఈరోజు ఇక్కడ ఉత్సవాలు నడుపుతున్నవాళ్లలో ఎంతోమంది ఆ గదుల్లో తయారైనవాళ్లే. ఏంజెలా వచూకా కూడా క్వానీలో పనిచేసినావిడే.

స్టోరీమోజా హే ఫెస్టివల్ గురించి చెప్పకుండా ఉండలేను. 2013 సెప్టెంబర్‌లో నేషనల్ మ్యూజియంలో జరుగుతోంది. ఘనా కవి కోఫీ అవూనోర్ అతిథిగా వచ్చారు, 78 ఏళ్లు. 21వ తేదీ శనివారం ఆయన కొడుకుతో కలిసి వెస్ట్‌గేట్ మాల్‌కి వెళ్లారు. ఆ రోజు ఆ మాల్ మీద దాడి జరిగింది. చనిపోయిన 67 మందిలో ఆయనా ఉన్నారు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు. మా ఇంటికి ఆ మాల్ దగ్గరే. ఆ నాలుగు రోజుల పొగ ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లం మర్చిపోలేం. కొన్నాళ్లు ఊళ్లో ఎక్కడా నలుగురు చేరడానికే భయపడ్డారు. అయినా మరుసటేడు ఉత్సవం జరిగింది, ఆయన్ను తలుచుకుంటూ. ఆ జనంలో నేనూ ఉన్నాను.

మ్యూజియం సంగతి. పుర్రెలు, పక్షులు ఉంటాయి, చూడాల్సినవే. కానీ 2021లో అక్కడ పెట్టిన 'ఇన్విజిబుల్ ఇన్వెంటరీస్' లాంటి ప్రదర్శన నేను ఎక్కడా చూడలేదు. నెస్ట్ కలెక్టివ్ అనే ఇక్కడి కళాకారుల బృందం, ఇంకొందరు, జర్మనీ మ్యూజియంలు కలిసి లెక్క తీశారు: కెన్యా నుంచి వెళ్లిన వస్తువులు విదేశీ మ్యూజియంలలో ఎన్ని ఉన్నాయని. 32 వేలకు పైగా తేలాయి. ప్రదర్శనలో అద్దాల పెట్టెలు ఖాళీగా పెట్టారు. లోపల దీపం వెలుగుతుంటుంది, వస్తువు ఉండదు. ఒక ముసలాయన మనవడితో వచ్చి ఖాళీ పెట్టె ముందు ఆగి, చాలాసేపు ఏదో చెబుతూ నిలబడ్డాడు. నాకు గికుయు రాదు.

నిక్కచ్చి | ఆదివారం, రాత్రి 7:25

భాస్కర్ గారూ, ఆ ప్రదర్శన చూశాను. విదేశీ డబ్బుతో జరిగినా విదేశీయులను నిలదీసింది. డబ్బు ఎక్కడిదన్నదానికంటే ప్రశ్న ఎవరు అడుగుతున్నారన్నది ముఖ్యమని నాకు అక్కడ అనిపించింది.

రమ్య గారికి నా తరఫున ఒక మాట. గ్యాలరీలు చూస్తూనే మటాటూలు కూడా చూడండి. రోంగాయ్, బురుబురు రూట్లలో తిరిగే బళ్లను గన్యా అంటారు. ఒంటినిండా బొమ్మలు: ఫుట్‌బాల్ ఆటగాళ్లు, పాటగాళ్లు, విప్లవకారులు. 2004లో వచ్చిన కొత్త రూల్స్‌తో ఈ బొమ్మలు చెరిపించి పసుపు గీత ఒక్కటే ఉంచారు. పదేళ్ల తర్వాత ప్రభుత్వం మళ్లీ ఒప్పుకుంది. ఈ బొమ్మలు వేసే కుర్రాళ్లది రోజూ లక్షలమంది చూసే పని. వాళ్ల పేర్లు ఏ కేటలాగ్‌లోనూ ఉండవు, అది నాకు బాధ.

కుంచె | ఆదివారం, రాత్రి 8:03

మటాటూ మాటకు నా ఓటు కూడా. కొనే ఉద్దేశం లేకపోయినా సర్కిల్ ఆర్ట్ గ్యాలరీ వాళ్ల వేలంపాట ముందు పెట్టే ప్రదర్శన చూడండి. 2013 నుంచి జరుపుతున్నారు. జాక్ కటరికావే, థెరెసా ముసోకె లాంటి పాతతరం వాళ్ల బొమ్మలు జనం ఇళ్ల గోడల మీంచి బయటికొచ్చేది అప్పుడే. వేలం అయ్యాక మళ్లీ ఎవరింటికో వెళ్లిపోతాయి. మీరుండేది లావింగ్టన్‌లోనే కాబట్టి ఆ గ్యాలరీ మీకు దగ్గర. అలాగే రాస్లిన్‌లో వన్ ఆఫ్, ఊరి బయట రెడ్ హిల్, బనానా హిల్. ఈ చివరిది కళాకారులే పెట్టుకున్నది, తోవంతా తేయాకు తోటలు.

రమ్య_లావింగ్టన్ | ఆదివారం, రాత్రి 9:50

వచ్చే శనివారం ఉదయం ఆర్కైవ్స్, అక్కడి నుంచి మెక్‌మిలన్ లైబ్రరీ బయటి నుంచైనా చూసి, మధ్యాహ్నం మకదారా అనుకుంటున్నాం. శారద గారూ, మీకు వీలైతే మకదారాలో కలుస్తారా? కొత్త ప్రాంతం కదా, మావారికి కొంచెం టెన్షన్‌గా ఉంది. మా అమ్మాయి స్కెచ్‌బుక్ తీసుకురావచ్చా? చూసింది చూసినట్టు గీస్తానంటోంది.

శారద_పుస్తకం | ఆదివారం, రాత్రి 10:14

వస్తాను అమ్మా. రెండింటికి లైబ్రరీ గేటు దగ్గర ఉంటాను. క్యాబ్‌లో రండి, జోగూ రోడ్డు మీద శనివారం ట్రాఫిక్ ఉంటుంది, గంట ముందే బయల్దేరండి. మీ ఇంట్లో చదివేసిన పిల్లల పుస్తకాలుంటే రెండు మూడు తెచ్చి అక్కడి లైబ్రేరియన్‌కి చూపించండి, వాళ్లకు పనికొస్తాయేమో వాళ్లే చెబుతారు.

కుంచె | ఆదివారం, రాత్రి 10:40

స్కెచ్‌బుక్ తప్పకుండా తెచ్చుకోమనండి. పెన్సిల్ ఒక్కటే చాలు. ఆర్కైవ్స్‌లో, మ్యూజియంలో ఇంకు పెన్నులు, రంగులు బయటికి తీయకుండా ముందు అక్కడున్నవాళ్లను అడగాలి. మురుంబి గ్యాలరీలో చెక్కపీటల దగ్గర మొదలుపెట్టమనండి. ఒక్కో పీట ఒకే దుంగలోంచి చెక్కింది, ఎక్కడా అతుకు ఉండదు. కాళ్లు ఎలా వచ్చాయో గీస్తూ ఉంటే ఆ చెక్కినవాడి ఆలోచన చేతికి తెలుస్తుంది. గీసినవాటిలో తనకు నచ్చింది ఏదైనా ఇక్కడ పెట్టమనండి, చూడాలని ఉంది.